నాన్న చెవి, నా ఫోను, ఓ 1974 జీపు

చర్ల నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఫారిన్ వీడియోల్లో తండ్రీకొడుకులు కలిసి గ్యారేజీలో పాత స్పోర్ట్స్ కారు రీస్టోర్ చేస్తుంటారు కదా, మన దగ్గర అలాంటివి ఎందుకు కనపడవు?" అని. మన దగ్గరా ఉన్నాయి. కాకపోతే మా షెడ్డులో ఉన్నది జీపు. ఈ రోజు దాని గురించే. వెనకాల కోళ్ల అరుపులు వినిపిస్తే అడ్జస్ట్ అవ్వండి, షెడ్డులోనే కూర్చుని రికార్డ్ చేస్తున్నా.

ముందు ఆ స్పోర్ట్స్ కారు సంగతి చెప్పేస్తా. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో ఉన్న అమెరికా సైనికులు అక్కడి ఎంజీ కార్లు చూసి మనసు పారేసుకున్నారు. చిన్న కారు, రెండే సీట్లు, పైన టాపు లేదు. యుద్ధం అయిపోయాక, 1945 నుంచి 1949 దాకా తయారైన ఎంజీ టీసీ అమెరికాకు వెళ్లింది. అక్కడ స్పోర్ట్స్ కారు పిచ్చి ముదిరింది అప్పుడే. తర్వాత ఎంజీబీ వచ్చింది, 1962 నుంచి 1980 దాకా. ఈ రోజు మీ ఎంజీబీ బాడీ మొత్తం తుప్పు తినేసిందనుకోండి, కొత్త బాడీ షెల్ ఆర్డర్ పెట్టుకోవచ్చు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి తయారుచేస్తోంది. అంటే అక్కడి తండ్రీకొడుకుల వెనక ఓ పెద్ద సప్లయి లైను ఉందన్నమాట.

మన దగ్గర? స్వాతంత్ర్యం వచ్చాక కార్ల దిగుమతులు బిగించేశారు. ఏళ్ల తరబడి రోడ్డు మీద కనిపించినవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. ఇందులో ఓ తమాషా ఉంది. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్. దాని ఛాసిస్‌నే పొట్టి చేసి ట్రయంఫ్ వాళ్లు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. తమ్ముడు అక్కడ రేసులాడాడు, అన్న మద్రాసులో సంసారం మోశాడు.

ఆ యుద్ధంలోంచే పుట్టిన ఇంకో బండి మన దాకా వచ్చింది. అదే జీపు. అమెరికాలో విల్లీస్ కంపెనీది. 1945లో మొదలైన మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీ 1947లో ఇక్కడ దాన్ని బిగించడం మొదలుపెట్టింది. దేశ విభజన అయ్యాక భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడ ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అమెరికా వాళ్లు 1968లో ఆపేసిన సీజే 3బీ మోడల్‌ని మనవాళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చేస్తూనే ఉన్నారు. మాది అదే.

మా జీపు ఆర్‌సీలో మొదటి రిజిస్ట్రేషన్ 1974 అని ఉంది. పెట్రోల్ బండి. దీన్ని హై బానెట్ అంటారు. బానెట్ ఎందుకంత ఎత్తుగా ఉంటుందో తెలుసా? పాత జీపు ఇంజన్‌లో వాల్వులన్నీ బ్లాకు పక్కనే ఉండేవి. ఇందులో గాలి, పెట్రోల్ లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్‌లో, పొగ బయటికి పోయే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. సగం పైన, సగం కింద. దీన్ని ఎఫ్ హెడ్ అంటారు. ఇంజన్ ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్ ఎత్తారు, అంతే. 2199 సీసీ, నాలుగు సిలిండర్లు. ఈ సగం సగం వాల్వుల సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో తర్వాత పనికొస్తుంది.

నాన్న దీన్ని ఓ గవర్నమెంటు శాఖ వేలంలో పాడుకున్నాడు, నేను పుట్టకముందు. చర్ల నుంచి దుమ్ముగూడెం మీదుగా భద్రాచలం, దాదాపు 60 కిలోమీటర్లు, రోజూ అదే రూటు. మిర్చి సీజన్‌లో ఛత్తీస్‌గఢ్ నుంచి కాయ ఏరడానికి వచ్చే కూలీలు. సంత రోజు కోళ్లు, మేకలు, మనుషులు కలిపి. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే భద్రాచలం ఆసుపత్రికి. లోపల ఎంతమంది, వెనక వేలాడేవాళ్లు ఎంతమంది అని నాన్న ఇప్పటికీ చెప్పడు. (నవ్వు) ఆటోలు, మ్యాజిక్కులు వచ్చాక గిరాకీ పోయింది. జీపు షెడ్డెక్కింది.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ ఏడాది నీళ్లు 71.3 అడుగులకు చేరాయి. 1986లో 75.6 అడుగులు వచ్చాక అంత వరద అదే. మా షెడ్డు పల్లంలో ఉంటుంది. జీపు మూడు రోజులు నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక నాన్న గేర్‌బాక్సు కింద నట్టు విప్పాడు. ఆయిల్ కారింది, అచ్చం పాల టీ రంగులో. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అలాగే అవుతుంది, చూస్తే మర్చిపోరు. ముందు, వెనక డిఫరెన్షియల్స్‌లోనూ అదే టీ. ఇనుప సామాన్లవాడు వచ్చి కిలో లెక్కన రేటు చెప్పాడు. నాన్న ఏమీ అనకుండా అతనికి నిజం టీ ఇచ్చి పంపించాడు. అప్పుడు మొదలుపెట్టాం.

మొత్తం పని చెబితే ఈ ఎపిసోడ్ మూడు గంటలవుతుంది, కాబట్టి టకటకా వెళ్లిపోతా. బాడీ దింపేశాం. ఫ్లోర్ రేకు పోయింది, టింకరింగ్ వాళ్ల చేత కొత్తది వేయించాం. బ్రేక్ డ్రమ్ములు పట్టేసుకున్నాయి, సుత్తితో బతిమాలి ఊడదీశాం. సిలిండర్ బ్లాకు లేత్ షాపుకి వెళ్లింది, బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాం. సామాను కోసం విజయవాడ ఆటోనగర్ నాలుగు సార్లు తిరిగాం. పాత జీపు సామాను అడిగితే అక్కడ ఒక షాపువాడు ఇంకో షాపుకి, అతను ఇంకో ముసలాయన దగ్గరికి పంపుతాడు. ఆ ముసలాయన దగ్గర మాత్రం ఉంటుంది. పెట్రోల్ పైపులన్నీ మార్చాం. ఇది పాత బండి ఉన్న ప్రతి ఒక్కరికీ చెబుతున్నా: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాతకాలం రబ్బరు పైపుల్ని, పెట్రోల్ పంపులో ఉండే డయాఫ్రంని అది మెత్తబరిచి పాడుచేస్తుంది. ఇథనాల్ తట్టుకునే పైపులే అడిగి వేయించుకోండి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఒక్క విషయం దగ్గర ఆగుతా. సెల్ఫ్ ఇంకా బాగవ్వకముందు హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేయాల్సి వచ్చేది. నాన్న నా చేతిని చూసి, "ఒరే, బొటనవేలు అవతలికి వెయ్యకు. నాలుగు వేళ్లతో పాటు ఇటే పెట్టు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. కారణం ఏంటంటే, స్పార్క్ ముందుగా పడితే హ్యాండిల్ ఒక్కసారిగా వెనక్కి తంతుంది. బొటనవేలు అవతల చుట్టి పట్టుకుంటే వేలో మణికట్టో విరుగుతుంది. నాన్న దగ్గర తెలివంతా ఇలాగే ఉంటుంది: రెండు మాటలు, వివరణ ఉండదు. పక్కన నిలబడి పని చేస్తేనే ఆ రెండు మాటలూ వస్తాయి. ఫోన్‌లో అడిగితే రావు, నేను హైదరాబాద్‌లో జాబ్ చేసిన అన్నేళ్లూ ఒక్కటీ రాలేదు.

సరే, అసలు విషయానికి వస్తున్నా.

ఇంజన్ మొదటిసారి సరిగ్గా స్టార్ట్ అయిన రోజు. నాన్న కార్బొరేటర్ స్క్రూ తిప్పి ఐడ్లింగ్ సెట్ చేశాడు. బానెట్ మీద చెయ్యి పెట్టాడు. "పాలు కాగినట్టుంది రా, అంత స్మూత్‌గా ఉంది" అన్నాడు. నాకేమో స్పష్టంగా టిక్ టిక్ టిక్ అని వినిపిస్తోంది. కుట్టుమిషన్‌లాగా. పక్కనే ఉన్న మా చిన్నాన్నకీ వినిపించింది, ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

మీకు అర్థం కావాలంటే నాన్న చెవి గురించి చెప్పాలి. ఈ ఏరియాలో పాత డ్రైవర్లు ఎవర్నడిగినా చెబుతారు. బండి ఇంటి ముందునుంచి వెళ్తుంటే మంచం మీద పడుకునే "వాడి రెండో ప్లగ్గు పోయింది, చెప్పు" అనేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించి వినేవాడు, డాక్టరు స్టెతస్కోప్‌లాగా. అలాంటి మనిషి ఈ టిక్ టిక్ వినలేదు.

ఖమ్మంలో చెవి డాక్టరుకి చూపించాం. ఆడియోగ్రామ్ అని ఓ గ్రాఫ్ తీశారు. ఎడమవైపు లైన్ బాగానే ఉంది, కుడివైపు పోయేకొద్దీ జారిపోయింది. ఏళ్ల తరబడి శబ్దంలో పనిచేసేవాళ్లకి ముందు పోయేది సన్నటి శబ్దాలు, 4000 హెర్ట్జ్ చుట్టుపక్కలవి. లావు శబ్దాలు చాలాకాలం వినిపిస్తూనే ఉంటాయి. అందుకే మనిషికి చెవి పోతోందని తెలియదు. మాట వినపడుతుంది కదా అనుకుంటాడు. పోయిన భాగం తిరిగి రాదని కూడా డాక్టరు చెప్పారు. బస్సులో కూర్చున్నాక నాన్న అన్నది ఒక్కటే: "అయితే టాపెట్లు ఇక నీవే."

నాకా రాత్రి నిద్ర పట్టలేదు. నాకు చెవులున్నాయి, కానీ విన్నదాని అర్థం తెలియదు. నాన్నకి అర్థం తెలుసు, వినపడదు. జీపు బాగుచేయడం ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఆ తలలో ఉన్న శబ్దాల లెక్క మాత్రం ఇంకెక్కడా రాసి లేదు.

ఇక్కడ బీటెక్ కొంచెం పనికొచ్చింది. ఏ శబ్దాన్నైనా రికార్డ్ చేసి నాలుగో వంతు వేగంతో ప్లే చేస్తే, దానిలో ఉన్న 4000 హెర్ట్జ్ కాస్తా 1000 హెర్ట్జ్ అయి వినిపిస్తుంది. పాత టేప్ రికార్డర్లో బ్యాటరీ అయిపోతుంటే పాట లావుగా, సాగదీసినట్టు వచ్చేది చూడండి, అదే. నాన్న గ్రాఫ్‌లో 1000 దగ్గర లైన్ బాగానే ఉంది.

ట్రై చేసేవాళ్ల కోసం రెండు జాగ్రత్తలు. ఫోన్‌లో మామూలు వీడియో ప్లేయర్‌లో స్పీడు తగ్గిస్తే కుదరదు. అది తెలివిగా గొంతు మారకుండా సాగదీస్తుంది, సన్నటి శబ్దం సన్నగానే ఉండిపోతుంది. కాబట్టి ఆడాసిటీ లాంటి ఎడిటర్‌లో స్పీడ్ మార్చాలి, టెంపో కాదు. రెండోది, చాలా ఫోన్లలో వాయిస్ రికార్డర్ బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ తీసేస్తుంది. మనకు కావాల్సిందే ఆ నాయిస్. ఆ ఆప్షన్ ఆఫ్ చేయండి, లేదంటే ఏ ప్రాసెసింగూ చేయని రికార్డింగ్ యాప్ వాడండి.

[ఇక్కడ ఇంజన్ శబ్దం, తర్వాత అదే నెమ్మదిగా]

విన్నారా? మొదటిది మామూలుది. రెండోది నాలుగో వంతు వేగం. హెడ్‌ఫోన్స్ పెట్టి ఈ రెండోదాన్ని నాన్నకి వినిపించా. మొహంలో ఏమీ కదల్లేదు. "మళ్లీ పెట్టు" అన్నాడు. మళ్లీ పెట్టా. మూడోసారికి చూపుడు వేలితో మోకాలి మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఠక్... ఠక్... ఠక్. సరిగ్గా ఆ టిక్‌తో పాటు. "ఒకటే వాల్వు. నాలుగు దెబ్బలకి ఒకసారి కొడుతోంది చూడు. పైది కాదు, కిందది. పక్క మూత తియ్యి."

నాలుగు దెబ్బలకి ఒకసారి అంటే ఏంటో లెక్క చూద్దాం. ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకోండి, సెకనుకి 10. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. అంటే సిలిండర్‌కి సెకనుకి 5, నాలుగింటికీ కలిపి 20. వాల్వు కూడా రెండు చుట్లకి ఒకసారే తెరుచుకుంటుంది, సెకనుకి 5. కాబట్టి 20 దెబ్బల మధ్యలో 5 టిక్కులు వస్తే అది ఒక్క వాల్వు పని. అదే చుట్టుకి ఒకసారి, సెకనుకి 10 సార్లు కొడితే అనుమానం పిస్టన్ మీదికో క్రాంక్ మీదికో పోవాలి, అది ఖరీదైన అనుమానం. మామూలు వేగంలో ఇది మన చెవికి లెక్కపెట్టరాదు. నెమ్మదిగా చేస్తే సెకనుకి ఐదు దెబ్బలు, ఒకటింపావు టిక్కు. చిన్నపిల్లలైనా లెక్కపెడతారు. నాన్న మాత్రం జీవితాంతం ఈ లెక్కని మామూలు వేగంలోనే వేశాడు, లెక్క అని తెలియకుండానే.

మరి కిందదని ఎలా తెలిసింది? అడిగా. "పైది అయితే ఇంకొంచెం గలగలమంటుంది. ఇది మూసిన పెట్టెలోంచి కొట్టినట్టుంది" అన్నాడు. పక్క మూత తీసి చూశాం. ఎగ్జాస్ట్ వాల్వులకి చల్లని ఇంజన్ మీద 16 థౌ గ్యాప్ ఉండాలి, పైన ఇన్‌లెట్ వాల్వులకి 18. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్‌లో 16 రేకు కాదు, 24 రేకు కూడా ఆడుతూ దూరిపోయింది. సరిచేశాం, మళ్లీ స్టార్ట్ చేశాం. నాన్న నా వైపు చూశాడు. ఆయన నా వైపు అలా, నేను చెప్పేదాని కోసం చూడటం అదే మొదటిసారి. "లేదు నాన్నా, పోయింది" అన్నా.

ఆ రోజు నుంచి ఓ పని పెట్టుకున్నాం. ఊళ్లో ఏ పాత బండి కనపడినా శబ్దం రికార్డ్ చేస్తా, నెమ్మదిగా చేసి నాన్నకి వినిపిస్తా, ఆయన ఏమంటే అదే ఫైలు పేరు. ఏ మాన్యువల్‌లోనూ లేని పేర్లివి. టిక్ టిక్ అంటే టాపెట్. డగ్ డగ్ అని, అదీ లోడు పడ్డప్పుడే వస్తే, కనెక్టింగ్ రాడ్ బేరింగ్. గరగర అంటే వాటర్ పంపు. తుస్ తుస్ అని ఇంజన్ పక్కనుంచి వస్తే మానిఫోల్డ్ గాస్కెట్ లీకు. "ముసలాడి దగ్గు" అని ఓ ఫైలుంది, అది కార్బొరేటర్‌లోకి వెనక్కి పేలడం. సైలెన్సర్ మూతి దగ్గర కాయితం ముక్క పట్టుకుని చూసే విద్య కూడా వీడియో తీశా. కాయితం బయటికి మాత్రమే కొట్టుకోవాలి. మధ్యమధ్యలో లోపలికి పీల్చుకుంటే ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కడో సరిగ్గా మూసుకోవట్లేదని అనుమానించాలి. దీనికి చెవి అక్కర్లేదు, అందుకే నాన్నకిప్పుడు ఇది బాగా ఇష్టం.

ఇప్పుడు గొడవ సంగతి. గొడవ లేకుండా తండ్రీకొడుకుల ప్రాజెక్టు ఉంటుందా?

1974 బండి కాబట్టి 50 ఏళ్లు దాటాయి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన రూల్ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఒరిజినల్‌గా ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000. నెంబరు ప్లేటు మీద వీఏ అని స్పెషల్ అక్షరాలు కూడా వస్తాయి. నేను ఎగిరి గంతేశా. థంబ్‌నెయిల్ కూడా మనసులో రెడీ అయిపోయింది.

నాన్న మొత్తం చదివించుకుని విన్నాడు. ఆ బండిని రోజువారీ తిప్పకూడదు. వింటేజ్ ర్యాలీకో, ఎగ్జిబిషన్‌కో, పెట్రోల్ కొట్టించడానికో, రిపేరుకో తీయొచ్చు. "అంటే సంతకి తీసుకుపోకూడదు?" అన్నాడు. కూడదు. "చేనుకి?" కూడదు. "హైదరాబాద్‌లో నిజాం గారి రోల్స్ రాయిస్ ఉందే, చౌమహల్లాలో, పసుపుది, 1912 నాటిది. అది అద్దాల్లో ఉంటే అందం. జీపుని అద్దాల్లో పెడితే ఎండిన చెరువులో పడవలాగుంటుంది" అన్నాడు. సరే, అయితే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకుంటూ పోదామన్నాడు.

ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. "అయితే డీజిల్ ఇంజన్ వేసేద్దాం, లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఎక్కువొస్తుంది" అన్నాడు. దీనికి మాత్రం నేను ఒప్పుకోలేదు. సెంటిమెంటు పక్కన పెట్టండి, కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పంజాబ్ బోర్డర్లో హర్యానాలోని డబ్వాలీ నుంచి మోడిఫైడ్ జీపులు తెప్పించుకునే తమ్ముళ్లు కూడా ఇది వినాలి. ముందు ఆర్‌సీలో ఏముందో, బండిలో ఏముందో పోల్చి చూసుకున్నాకే డబ్బులు పంపండి.

రంగు విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే మాట. జీపు అనగానే అందరూ మిలిటరీ ఆకుపచ్చ వేయమన్నారు. అది డిఫెన్స్ వాళ్లకి తప్ప ఎవరికీ వేయకూడదని మోటారు వాహనాల రూల్స్‌లోనే ఉంది. రూల్ లేకపోయినా, ఛత్తీస్‌గఢ్ బోర్డర్ అడవి రోడ్డు మీద మిలిటరీ రంగు జీపులో తిరగాలని చర్లలో ఎవరూ అనుకోరు. అటువాళ్లూ ఆపుతారు, ఇటువాళ్లూ ఆపుతారు. పాత పెయింటు గీకితే అడుగున నీలం బయటపడింది. అదే వేశాం.

పోయిన నెల తాలిపేరు ప్రాజెక్టు దాకా నడిపాం. ఈ గేర్‌బాక్సులో మూడే గేర్లు. మొదటి గేర్‌కి సింక్రో లేదు. కదులుతున్న బండిని రెండు నుంచి ఒకటికి తేవాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, కొంచెం రేస్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి వేయాలి. రేస్ ఎంత ఇవ్వాలో ఇంజన్ మోత విని తెలుసుకుంటారు. నేను వేసిన ప్రతిసారీ గేరు అరిచింది. గట్టు ఎక్కే దగ్గర నాన్న స్టీరింగ్ తీసుకున్నాడు. హెడ్‌ఫోన్లు లేవు, రికార్డింగ్ లేదు. ఎడమ అరచెయ్యి గేర్ రాడ్ మీద ఆనించి ఉంచాడు, పట్టుకోలేదు, ఊరికే ఆనించాడు. గేరు పడింది. చప్పుడు నాకు కూడా వినపడలేదు.

ఎలా అని అడిగితే, "చెయ్యి పెట్టు" అన్నాడు. పెట్టా. రాడ్ వణుకుతోంది. రెండు వణుకులు కలిసే దగ్గర ఒక్క క్షణం ఆగుతుందట. నాకు ఇంకా దొరకలేదు. వారానికి రెండు రోజులు అదే గట్టు మీద ప్రాక్టీస్ చేస్తున్నాం. వచ్చే ఎపిసోడ్‌కి రాడ్‌కి ఓ వైబ్రేషన్ సెన్సార్ కట్టి చూస్తా, నాన్న దానికి పర్మిషన్ ఇస్తే.